కంపెనీ మాటకు పూచీపడ్డ అప్పలసూరి

రెండువేల ఎనిమిదో సంవత్సరం, జూన్ పద్నాలుగు, శనివారం. తెల్లవారుతూనే మొదలైన వాన పదకొండింటికి ఆగి, కలకత్తా వాట్‌గంజ్ సందుల్లో మోకాలిలోతు నీరు విడిచిపెట్టి పోయింది. గాలి కదలడం లేదు. ఆకాశం తడిసిన గోనెసంచిలా ఇంటికప్పుల మీద బరువుగా వాలి ఉంది. మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఆ నీటిలో గుంటలెక్కడున్నాయో కాలితో వెదుక్కుంటూ, ప్లాస్టిక్ కాగితం చుట్టిన అట్టపెట్టెను నెత్తిన పెట్టుకొని అప్పలసూరి, గంటకింత అద్దెకు కంప్యూటర్ల మీద ఆటలాడించే మరియదాసు ఆటలదుకాణం వైపు నడుస్తున్నాడు. అతని కింది పెదవికి మూడు కుట్లున్నాయి. ఎడమ కనుబొమ్మ వాచి కంటిని సగం మూసింది. మొదటి గాయం బెహాలాలో తగిలింది, రెండోది జాదవ్‌పూర్‌లో. రెండూ ఆ వారంలోవే. రెండింటికీ కారణం ఆ పెట్టె.

పెట్టెలో ఉన్నది హెలియార్ అనే విదేశీ కంపెనీ తయారుచేసిన ఆటయంత్రం. టీవీకి తగిలించి, మీటలున్న చిన్న పలకను రెండు చేతులతో పట్టుకొని ఆడాలి. కంప్యూటర్ల మీద ఆడే కుర్రాళ్లు దాన్ని డబ్బా అంటారు. గురి అనేది మౌస్ పట్టిన మణికట్టులో ఉంటుందనీ, బొటనవేళ్లతో గురిపెట్టడం చెంచాతో సూదిలో దారం ఎక్కించడం వంటిదనీ వాళ్ల వాదం. ఆ వాదంలో పస లేకపోలేదు. అయితే అప్పలసూరిని బెహాలాలో కుర్చీతోనూ, జాదవ్‌పూర్‌లో ఇనుప తాళంతోనూ కొట్టినవాళ్లు అంత సూక్ష్మమైన చర్చ కోసం కొట్టలేదు. వాళ్లు మోసపోయారు. మోసం తెచ్చిన మనిషి మళ్లీ కంటబడ్డాడు. అంతే.

ఆ మోసం సంగతి చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి పోవాలి. అప్పుడు హెలియార్ కంపెనీ కంప్యూటర్ల కోసమే 'ఇనుపరేవు' అనే యుద్ధపు ఆటను విడుదల చేసి, ఊరూరా ఆటలదుకాణాల్లో దాన్ని పరిచయం చేయడానికి స్థానికులను నియమించింది. కలకత్తా దక్షిణ భాగానికి దొరికినవాడు అప్పలసూరి. ఇరవయ్యారేళ్లవాడు. తెలుగు, బెంగాలీ, హిందీ మూడింటిలోనూ మనుషులను నవ్వించగలవాడు. ఆటలో ఒక్కొక్క మెట్టు గెలిచి సంపాదించుకున్న పేరూ హోదా కంపెనీవారి పెద్ద యంత్రాల్లో శాశ్వతంగా భద్రపడి ఉంటాయని కంపెనీ చెప్పింది. ఆ మాటనే అతడు మరియదాసు దుకాణంలో నిలబడి, తనకు చిన్నప్పటినుంచీ తెలిసిన పద్దెనిమిది మంది కుర్రాళ్లకు చెప్పాడు. వాళ్లు నమ్మారు. సంవత్సరంపాటు ప్రతి సాయంత్రమూ ఆ రేవును కాపాడుకున్నారు. కొందరికి బయట ఏ ఉద్యోగమూ లేదు. లోపల మాత్రం వాళ్లు సేనానులు.

మరుసటి సెప్టెంబరులో ఒక రోజు కంప్యూటర్లు తెరిస్తే ఎవరి పేరూ లేదు. కంప్యూటర్ ఆటకు సేవ నిలిపివేశామనీ, ఇకమీదట ఆ ఆటను తమ యంత్రం మీదనే ఆడుకోవచ్చుననీ హెలియార్ రెండు వాక్యాలు రాసి పెట్టింది. ఆ పద్దెనిమిది మందికీ నాయకుడు గురువులు అనే ఇరవయ్యేళ్ల యువకుడు. ఆ రెండు వాక్యాలనూ చదివి, కుడిచేతి పిడికిలితో కంప్యూటరు అద్దాన్ని గుద్దాడు. పాతకాలపు బరువైన గాజు అది. పగిలి చేతిని మణికట్టు దాకా చీల్చింది. కుట్లు మానాయి గాని చిటికెనవేలూ ఉంగరపువేలూ మళ్లీ వంగలేదు. అంతవరకు దుకాణంలో అతని మౌసుకు ఎదురు లేదు.

నాటినుంచి అప్పలసూరి తన సొంత సందులో తలెత్తుకొని నడవలేదు. తల్లి జగ్గమ్మ కుళాయి దగ్గర వరుసలో పెట్టిన బిందెను ఎవరో తన్నేవారు. తలుపు మీద రాళ్లు పడేవి. ఒకసారి పడ్డ ఇటుకముక్క ఆమె మోచేతి ఎముకను విరిచింది. అతడు వేరే పేటకు మారిపోవచ్చు. మారలేదు. వాట్‌గంజ్‌లో తన మాట మళ్లీ చెల్లాలన్నదొక్కటే అతనికి పట్టుకుంది. తక్కినవన్నీ దాని తరువాతే.

ఇంతలో కంపెనీకి తన పొరపాటు అర్థమైంది. కంప్యూటరు ఆటగాళ్లు కోపంతో డబ్బాను కొనడం లేదు సరికదా, కొనేవాళ్లను కూడా ఆపుతున్నారు. సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్ ఆఫీసులో కూర్చున్న ప్రాంతీయాధికారి రఘురాం, హైదరాబాదునుంచి కొత్తగా వచ్చినవాడు, పాత మనుషులనందరినీ పిలిపించాడు. వెళ్లి బతిమాలి వాళ్లను తిరిగి తీసుకురండి, పోయిన హోదాలన్నీ డబ్బా మీద తిరిగి ఇస్తాం, ఈసారి మూసేది లేదు, ఇది కంపెనీ మాట అన్నాడు. అప్పలసూరి ఆ మాటను రెండోసారి భుజానికెత్తుకున్నాడు. పేటలన్నీ తిరిగి, దెబ్బలు తిని, వాట్‌గంజ్‌ను చివరికి ఉంచుకున్నాడు.

ఇక్కడ అతని తండ్రి గవరయ్య గురించి కొంత చెప్పుకోక తప్పదు. ఇచ్ఛాపురం దగ్గరి పల్లెనుంచి వచ్చి కిదిర్‌పూర్ రేవులో మూటలు మోసిన ఇరవైముగ్గురికి ఆయన సర్దారు. సర్దారు అనే పదానికి నిఘంటువులో సేనాపతి అనే అర్థం కనిపిస్తుంది. రేవులో దాని అర్థం అంత గొప్పది కాదు. దొరగారి మాటను కూలీల దగ్గరకూ, కూలీల మాటను దొరగారి దగ్గరకూ మోసేవాడు సర్దారు. మూటలతోపాటు అదొక అదనపు బరువు. వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో ఒక చక్కెర ఓడ పని ముగించిపెడితే అందరి పేర్లూ పర్మినెంటు పుస్తకంలో ఎక్కుతాయని ఒక కాంట్రాక్టరు గవరయ్యతో చెప్పించాడు. ఓడ వెళ్లిపోయింది. పేర్లు ఎక్కలేదు. ఆ గ్యాంగుకొక ఆచారముండేది. మరే గ్యాంగులోనైనా ఉండేదో లేదో చెప్పలేం. వాళ్లు కాంట్రాక్టరు మీదకు పోలేదు. ఆయన మెట్లు వాళ్లు ఎన్నడూ ఎక్కలేదు. మాట తెచ్చిన మనిషి తమలోనే ఉన్నాడు.

ఆదివారం పొద్దున్న గవరయ్య చొక్కా విప్పి, వాకిట్లో బోర్లించిన తొట్టి మీద వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇరవైముగ్గురూ వరుసగా వచ్చారు. మనిషికొక్క దెబ్బ. తెరిచిన అరచేతితో, రెండు రెక్కల నడుమ. మూటలు మోసే చేతులవి. ఏడోవాడు కొట్టేసరికి గవరయ్య నోటివెంట నెత్తురు జాలువారింది. రెండోసారి ఎవరూ చెయ్యెత్తలేదు. లోపల జగ్గమ్మ ఆ చప్పుడు తన చెవిని పడకుండా ఖాళీ రోట్లో రోకలి దంచుతూ ఉండిపోయింది. చివరివాడు కొట్టాక పెద్దవాడొకడు చెంబుతో నీళ్లిచ్చాడు. సోమవారం అందరూ ఒకే బల్ల మీదుగా ఓడ ఎక్కారు. ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తిన పాపాన పోలేదు.

ఎనిమిదేళ్ల అప్పలసూరి గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు. లోకంలో తగవులన్నీ అలాగే తీరతాయని అనుకున్నాడు. తరువాత కంటెయినర్లు వచ్చాయి. పెద్ద క్రేన్లు ఇనుపపెట్టెలను ఎత్తుతుంటే గోనెసంచులతోపాటు గ్యాంగులూ మాయమయ్యాయి. గవరయ్య పోయాడు. తక్కిన ఇరవైముగ్గురూ కొందరు ఊళ్లకు, కొందరు మట్టిలోకి వెళ్లారు. ఆచారాన్ని చూసినవాళ్లే కరువైన పేటలో, ఆ ఆచారం ఇంకా చెల్లుతుందని నమ్మిన మనిషి ఒక్కడు మిగిలాడు.

మరియదాసు దుకాణం మేడ మీద ఉంది. నీటిలో మునిగిన కింది మెట్లు దాటి పైకి వస్తున్న అప్పలసూరిని చూసి, మరియదాసు షట్టరు లాగే ఇనుపకొక్కెం చేతిలోకి తీసుకున్నాడు. యాభైయ్యేళ్లు దాటిన మనిషి. కార్పొరేషన్‌లో పని మానుకొని ఈ దుకాణం పెట్టుకున్నాడు.

"ఏటిరా సూరీ, పెదవి కుట్టించుకున్నావు. నోరు కుట్టించుకోవాల్సింది," అన్నాడు.

"కుట్టించుకుంటాను దాసుమావా. ముందర ఒక మాట సెప్పనీ."

"నీ మాటలు ఇక్కడ సాలా ఉన్నాయి. ఊడ్సడానికే నాకు టయిము సాలడం లేదు."

అయినా మరియదాసు దారి ఇచ్చాడు. లోపల పద్దెనిమిది మందీ ఉన్నారు. అప్పలసూరి పెట్టె విప్పి, అక్కడి టీవీకి యంత్రాన్ని తగిలించి, కంపెనీ చెప్పమన్నదంతా చెప్పాడు. ఎవరూ తల తిప్పలేదు. బాపీ అనే బెంగాలీ యువకుడు మాత్రం డబ్బాలో వంటగ్యాసు కూడా వస్తుందా అని అడిగాడు, నవ్వులు లేచాయి. మీటలపలక చేతులు మారింది. ఒకడు దాన్ని వాసన చూశాడు. ఒకడు దానితో వీపు గోక్కున్నాడు. చివరికి అది గురువులు దగ్గరికి వచ్చింది. అతడు దాన్ని కుడిచేత్తో పట్టుకోబోయాడు. వంగని రెండు వేళ్ల సందునుంచి అది జారి నేల మీద పడింది. నవ్వులు ఆగిపోయాయి.

"సూసినావా సూరన్నా," అన్నాడు గురువులు. "నీ కంపెనీ వోళ్లు హోదా తిరిగిస్తారంట. ఈ ఏళ్లు కూడా పెట్టెలో ఎట్టి పంపినారేటి?"

అప్పలసూరి చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. ఒక స్టూలును గది నడుమకు లాగి, వాళ్లకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఆ మాట తెచ్చినోణ్ణి నాను. ఈ మాట తెచ్చినోణ్ణీ నానే. కంపెనీవోడు ఇక్కడ లేడు, నానున్నాను. కొట్టండి," అని తెలుగులో అన్నాడు. తెలుగు రానివాళ్ల కోసం బెంగాలీలో కొట్టమని మాత్రం ఇంకోసారి అన్నాడు. ఎన్నిసార్లో, దేనితోనో, ఎక్కడో, ఎక్కడ ఆపాలో చెప్పలేదు. గవరయ్య కూర్చున్ననాడు ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తెలిసిన సంగతిని చెప్పడం అవతలివాణ్ణి అవమానించడమని అతని ఇంటి పద్ధతి.

ముందుగా గురువులు లేచాడు. అతని తాత ఆ ఇరవైముగ్గురిలో ఒకడు. ఎడమచేతిని తెరిచి రెండు రెక్కల నడుమ ఒక్క దెబ్బ వేశాడు. గట్టి దెబ్బే. అప్పలసూరికి ఊపిరి ఆగి మళ్లీ వచ్చింది. దానితోపాటు ప్రాణమూ కుదుటపడింది. వీడికి తెలుసు, ఇక భయం లేదు అనుకున్నాడు.

రెండోవాడు బాపీ. అతడు నవ్వుతూ మెడమీద చరిచాడు. మూడోవాడు పిడికిలి బిగించాడు. నాలుగోవాడు వెనకనుంచి పరుగెత్తుకొచ్చి నడుము మీద తన్నాడు. స్టూలు ఒరిగి అప్పలసూరి ముఖం నేలకు కొట్టుకుంది. పెదవి కుట్లు తెగాయి. అక్కడితో వరుస చెదిరింది. ఒకణ్ణి చూసి ఒకడు రెచ్చిపోయాడు. ఏ దెబ్బ ఎవడిదో తెలియలేదు. కాళ్లు పక్కటెముకలను వెదికాయి. చెవులకు తగిలించుకునే యంత్రపు తీగను ఒకడు మెడకు చుట్టి లాగాడు. కొత్త డబ్బాను ఇద్దరు తొక్కి ముక్కలు చేసి, ఆ ముక్కలతో అతని వీపును రుద్దారు. చర్మం చీరుకుపోయి నేలంతా నెత్తురైంది. ఎవడో పాదంతో అతని చేతిని నేలకు అదిమిపట్టాడు. అప్పలసూరి తల ఎత్తి ఆపమనబోయాడు. ఎత్తిన తలకు ఎదురుగా గురువులు కనిపించాడు. అతడు రెండోసారి వచ్చాడు. చేతిలో కీబోర్డు ఉంది. దాన్ని నిలువుగా ఎత్తి, అంచుతో ఎడమచెవి మీద కొట్టాడు. మీటలు జల్లులా రాలాయి. లోపల ఏదో పటుక్కున తెగిన చప్పుడు విన్నాడు అప్పలసూరి. ఆ చెవితో అతడు విన్న చివరి చప్పుడది.

అప్పుడు మరియదాసు ఇనుపకొక్కెం తిప్పాడు. ఆయన బెదిరించలేదు, కొట్టాడు. ఒకడి మెడకింది ఎముక విరిగింది. ఇంకొకడి నుదురు చీలింది. బాపీ ముంజేతిని రెండుసార్లు కొట్టాడు. కుర్రాళ్లు మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ దిగి మురికినీటిలో పడ్డారు. ఒక్క గురువులు మాత్రం కదలకుండా, మీటలు రాలిపోయిన కీబోర్డును పట్టుకొని నిలబడ్డాడు. మరియదాసు అతని చెంపలు రెండూ వాయించి బయటికి నెట్టి, అప్పలసూరిని భుజాన వేసుకొని నీటిలోకి దిగాడు.

సర్కారీ ఆసుపత్రిలో అప్పలసూరి ఇరవైరెండు రోజులున్నాడు. నాలుగు పక్కటెముకలు విరిగాయి. ఎడమచెవి పనికిరాదన్నారు. పోలీసులు అడిగితే పెట్టెతో మెట్లెక్కుతూ జారి పడ్డానన్నాడు. వీపున గీతలెలా వచ్చాయంటే పెట్టె పగిలి గుచ్చుకుందన్నాడు. జగ్గమ్మ మంచం పక్కనే కూర్చొని, ఇంత అబద్ధమాడడానికా నీకు నోరిచ్చాను అని ఏడ్చింది. కొడుకు ఆమెను పేటలో ఏమనుకుంటున్నారని అడిగాడు. బిందె ఎవరూ తన్నడం లేదని, కుళాయి దగ్గర తనకే ముందు చోటిస్తున్నారని ఆమె చెప్పింది. అతడు ఆ రోజు తృప్తిగా నిద్రపోయాడు.

పదహారో రోజున రఘురాం పూలగుత్తితో వచ్చాడు. వాట్‌గంజ్ దుకాణంలో పద్దెనిమిది మందీ కొత్త డబ్బా మీద పేర్లు నమోదు చేయించుకున్నారట. అందరికీ హోదాలు తిరిగి వచ్చాయట. కలకత్తాలో ఒక దుకాణం మొత్తంగా తిరిగి వచ్చింది అదొక్కటేనట. దుకాణంలో ఏం జరిగిందో ఆయనకు ఎవరో చెప్పారు. ఆయన కుర్చీని కుడిచెవి వైపుకు జరుపుకొని, ముంబైలోని కంపెనీ పెద్దాఫీసువాళ్లతో కూడా మాట్లాడానన్నాడు.

"మీకు తట్టిన ఆలోచన మా మార్కెటింగ్‌లో ఎవరికీ తట్టలేదండి సూరిగారూ. దీన్నే అన్ని ఊళ్లలోనూ పెడదాం. మన మనిషి కూర్చుంటాడు, ఆటగాళ్లు స్పాంజి కర్రలతో కొడతారు. కోపం తీరిపోతుంది, నవ్వులాటగా ఉంటుంది, డబ్బా అమ్ముడవుతుంది. ట్రైనింగ్ మీరే ఇవ్వాలి."

అప్పలసూరి ఆయన వైపు తల తిప్పాడు. సరిగా వినపడలేదేమోనని రఘురాం ఇంకొంచెం ముందుకు వంగాడు. ఆ వంగిన ముఖాన్ని అప్పలసూరి పిడికిలితో గుద్దాడు. కళ్లద్దాలు విరిగి చెంపలోకి దిగాయి. రెండో గుద్దుకు ముందుపన్ను ఊడింది. మంచంమీంచి తూలి ఆయన మీద పడి, గొంతు పట్టుకొని నేలకేసి కొడుతుండగా వార్డు మనుషులు నలుగురు వచ్చి లాగారు. విరిగిన పక్కటెముకలు మళ్లీ విరిగాయి. జీవితంలో అతడు ఒక మనిషిని కొట్టడం అదే మొదలు, అదే చివర.

ఉద్యోగం పోయింది. కేసు పెట్టడం కంపెనీకే తలవంపులని రఘురాం పెట్టలేదు. ఆ శీతాకాలంలో అప్పలసూరి తల్లిని అక్కడే ఉంచి, విశాఖపట్నం పక్కన గంగవరం రేవులో పనికి వెళ్లిపోయాడు. ఐదేళ్ల తరువాత అతడు గురువులుకు రాసిన ఉత్తరం ఇది. కలకత్తా బడిలో చదువుకున్నవాడు కాబట్టి మాటలు తెలుగువి, అక్షరాలు బెంగాలీవి. ఇక్కడ లిపి మాత్రమే మార్చడమైంది. బడిలో ఒక్క రోజైనా తెలుగు చదవని మనిషి రాసినదైనా, విభక్తి ఒక్కచోట కూడా తప్పలేదు.

గంగవరం
9 ఫిబ్రవరి 2014

గురువులూ,

నువ్వు ఫోన్ సేసినావని అమ్మ సెప్పింది. నాకు ఫోన్లో ఇనపడదు. ఎడమసెవి లేదు కదా, కుడిదాన్లో ఎప్పుడూ స్టీమరు కూత లాటిది ఒకటి ఉంటాది. అందుకని రాస్తన్నాను.

తెలీక సేసినాం సూరన్నా అన్నావంట. మిగతావోళ్లకి తెలీదు, నిజమే. ఆళ్లకి సెప్పకుండా సొక్కా ఇప్పడం నా తప్పు. నీకు తెలుసు. నీ మొదటి దెబ్బ సరిగ్గా పడింది. రెండోసారి ఒచ్చినావు సూడు, అది తెలీక కాదు. వంగని నీ సేతి ఏళ్లు నిన్ను తీసుకొచ్చినాయి. దానికి నాను నీతో తగువు ఆడను.

పోలీసోళ్లకి జారిపడ్డానని సెప్పినాను. అది సెమించడం అనుకోకు. సిగ్గేసి సెప్పినాను.

ఒక్క సంగతి మాత్రం నీకు రాయాలని ఎప్పటినుంచో ఉంది. రెండువేల పదిలో కంపెనీవోళ్లు ఆ డబ్బా సర్వీసు కూడా మూసేసినారు కదా. మళ్లీ మీ పేర్లన్నీ పోయినాయి. నాను ఇక్కడ ఉన్నాను గానీ అమ్మ అక్కడే ఉంది. ఆ నెలంతా దినాం ఒకడిసేత ఫోన్ సేయించినాను, ఎవరైనా ఒచ్చినారా, రాయి పడిందా, బిందె తన్నినారా అని. ఏటీ లేదు నాయినా అంది అమ్మ. మొదట బతికినాం అనుకున్నాను. నాలుగు దినాలు పోయాక కోపమొచ్చింది. రెండోసారి మాట కూడా నాదే, మరి ఎందుకు రాలేదు ఈళ్లు అని. అప్పుడు తెలిసింది. మొదటిసారి మీరు నమ్మినారు, అందుకే కొట్టినారు. రెండోసారి ఆ డబ్బా మీద ఆడింది భయపడి. ఆసుపత్రిలో ఉన్నోడు సచ్చిపోతాడేమో అని. నా మాట నమ్మి కాదు. ఆ దినం నాను క్రేను కింద కూకుని ఏడిసినాను.

నన్ను రమ్మన్నావంట. రాను. ఇక్కడ క్రేను డ్రైవరుకి కింద నిలబడి సేతులతో సైగ సేసే పని నాది. సెవులతో అవసరం లేదు. ఆడు నా సేతులు సూసి పెట్టె దింపుతాడు, ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పు దింపలేదు.

ఒచ్చే నెల అమ్మని ఇక్కడికి తెచ్చేసుకుంటాను. పదిహేనో తారీకున లారీ ఒస్తాది. నువ్వు సామాను ఎక్కిస్తావేమో అమ్మకి సెప్పు. ఇనపబీరువా ఒకటుంది, నీ సేత్తో ఒక్కడివే ఎత్తలేవు. బాపీని తోడు తెచ్చుకో. మెట్లు దింపేటప్పుడు కింద ఆణ్ణి ఉంచు, నువ్వు పైన పట్టుకో.

అప్పలసూరి